తప్పా, డిజైనా

మైనంలో బిగించి మూడు మైక్రాన్ల మందాన కోస్తే
మనిషి ఉల్లిపొర కన్నా పలుచన.
నల్లగొండ ల్యాబులో నా పని అదే.
గోరువెచ్చని నీళ్ల మీద పొర తేలుతుంది.
కిందికి గాజుపలక పోనిచ్చి ఎత్తుకోవాలి,
గంజిలోంచి అమ్మ పోగు ఎత్తినట్టు.

తర్వాత రంగు.
ఆ నీలం మెక్సికో దిక్కు చెట్టు మానులోంచి వస్తదని
సీసా మీద రాసి ఉండదు, మా సారు చెప్పిండు.
సముద్రాలు దాటొచ్చిన చెట్టు
పుట్టపాక అండాలు రొమ్ములోని కణాలను
చుట్టాన్ని గుర్తుపట్టినట్టు పట్టుకుంది.
కేంద్రకాలు ఉబ్బి, వరుస తప్పి,
ఒక్కోటి రెండయ్యే తొందరలో.

మా బాపు చిటికి కట్టేవాడు.
నేయకముందే చీర అంతా పోగుల్లో ఉంటుంది.
సైకిల్ ట్యూబు ముక్కతో కట్టిన చోట రంగు ఎక్కదు,
విప్పితే తెల్ల చుక్క.
మగ్గం ఎక్కేసరికి చెప్పాల్సిందంతా చెప్పేసి ఉంటది,
నాడె అటూ ఇటూ తిరిగి చదువుతుందంతే.
ఒక్క ముడి గోరంత జరిగితే
ఎనిమిది చీరల్లో అదే చిలకకు
అదే చోట మెడ విరుగుతుంది.

కానీ తప్పు చీర పెరగదు.
పక్క చీరను తినదు.
ఇక్కడ నా పోలిక పోగు తెగిపోయింది,
ముడేసే ప్రయత్నం చెయ్యను.

అండాలు తల్లి మణెమ్మ కూడా గడ్డతోనే పోయింది.
అప్పుడు రాచపుండు అన్నరు, తలుపేసిన్రు.
నీళ్ల వల్లనేమో అన్నరు ఇప్పుడు కొందరు.
ఫ్లోరైడుది ఎముకల పద్దు,
ఇది వేరే ఖాతా.

కణంలో ఒక కావలి జన్యువు ఉంటది:
తప్పు దిద్దుకో, లేదా చచ్చిపో అని చెప్పేది.
ఏనుగుకు అట్లాంటివి ఇరవై జతలట,
అంత ఒళ్లున్నా ఈ రోగం తక్కువ.
మనకు ఒకటే జత.
అండాలు బరువు నలభై ఒక కిలో.

రక్తం హైదరాబాద్ పోయింది,
అక్షరాలై ఏ దేశాల కంప్యూటర్లకో పోయింది.
మూడు వందల కోట్ల అక్షరాల్లో ఒక్కచోట
ఒకటి ఉండాల్సిన చోట ఇంకోటి.
రిపోర్టు చివర రాశారు:
ఈ మార్పుకు అర్థం ఇంకా తెలియదు.

ఎందుకు తెలియదంటే
పోల్చి చూసే పుస్తకంలో ఎక్కువమంది తెల్లోళ్లు.
వాళ్ల తాతముత్తాతల తప్పులన్నిటికీ అర్థాలున్నయి.
లోకమంతటికీ అవే నాలుగు అక్షరాలు,
నిఘంటువు మాత్రం ఇంకొకరి ఊరిది.

ఆదివారం బాపును అడిగిన.
కండ్లద్దాలు తుడిచి తుడిచి అన్నడు:
"ఒక్క చీర చూసి తప్పా, డిజైనా అంటే ఎట్ల చెప్తం బిడ్డా?
గదే ఆసు మీదివి మిగతావి తే.
అన్నిట్ల ఉంటే ఒక లెక్క,
చెడిపోయినాటిల్లనే ఉంటే ఒక లెక్క."

మంగళవారం ఆటోలో దిగిన్రు:
చౌటుప్పల్ నుంచి అక్క, చిన్నమ్మ, చిన్నమ్మ బిడ్డలిద్దరు.
తమ్ముడు బయటే నిలబడ్డడు,
మొగోణ్ని, నాకెందుకు అని.
నీ నుంచి నీ బిడ్డకు పోవచ్చన్న.
ఏం మాట్లాడలేదు,
చొక్కా చేయి పైకి మడిచిండు.

ఊదా మూతల గొట్టాలు ఆరు.
ఆరోది అండాలుదే, మళ్లీ.
"ఇది తెలిసేదాకా నేనుంటనా?"
నన్ను కాదు, సూదిని చూస్తూ అడిగింది.
దూది పెట్టి మోచెయ్యి మడిచిన.
ఫారంలో పేరుకు గడి ఉంది, వయసుకుంది,
ఊరికి లేదు.
అంచు మీద బాల్‌పెన్నుతో
ఆరుసార్లు రాసిన, పుట్టపాక.